తుంగకుంట మట్టి

ఖమ్మం ఊరు దాటగానే అంబులెన్స్ డ్రైవరు జస్టిన్ సైరన్ ఆపేశాడు. అప్పటిదాకా ఆ మోత చాటున ఉన్న చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి, స్ట్రెచర్ చక్రాల కిరకిర, కింద రోడ్డు గరగర, గతుకు వచ్చినప్పుడల్లా జంపయ్య మడమలు ఇనుపరేకుకు తగిలి టక్కుమనడం. ఆదెమ్మ పక్కబల్ల మీంచి ముందుకు జరిగి, తెల్లగుడ్డ మీదుగానే మొగుడి పాదాలను రెండు చేతులతో పట్టుకుంది. ఇక తగలవు. పొద్దున నీళ్ళ మోటారు వేయడానికి సంపు దగ్గరికి వెళ్ళిన మనిషి. మోటారు ఆగకుండా నడుస్తూనే ఉంది, డాబా మీది ట్యాంకు నిండిపోయి నీళ్ళు గోడ వెంట కారుతున్నాయి, పై అంతస్తు నుంచి ఎవరో వాచ్‌మన్, వాచ్‌మన్ అని కేకలేస్తున్నారు. ఆయన ఎప్పుడూ ఒక్క పిలుపుకే పలికేవాడు. రెండో పిలుపు వినపడినప్పుడే ఆదెమ్మ చేతిలోని చీపురు జారిపోయింది. ఇంకా చూడకముందే, మెట్ల కింద నుంచి సంపు దాకా నడవకముందే, ఆమెకు తెలిసిపోయింది.

గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు, అంత పెద్ద మాట అంత చిన్నగా చెప్పి వెళ్ళిపోయాడు. సెల్లార్‌లో స్కూటర్ల మధ్య చాప పరిచి పడుకోబెట్టారు. అపార్ట్‌మెంట్‌లో అందరూ దిగి వచ్చారు, ఎప్పుడూ లిఫ్టులోంచి నేరుగా కారు ఎక్కేవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు, అందరూ అడిగింది ఒకటే, మీ ఊరెక్కడ ఆదెమ్మా, మీ ఊరెక్కడ. ఈ ఊరే, ఈ తుంగకుంటే, అందామనుకుంది. రెండో అంతస్తు శారదమ్మ మంచి మనిషి, భుజం మీద చెయ్యి వేసి, "ఇక్కడ శ్మశానం పాత ఊరి వాళ్ళది ఆదెమ్మా, బయటివాళ్ళను రానివ్వరు. సొంతూరికి తీసుకెళ్ళు, బండి మేం మాట్లాడతాం" అంది. బయటివాళ్ళు. ఆ మాట శారదమ్మ తప్పుగా అనలేదు, ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ తర్వాత ఎవరో ఫోన్ చెవి దగ్గర పెట్టారు, అవతల ఎర్రమ్మ, జంపయ్య అక్క, కోయ మాటల్లో ఏడుస్తూ, తమ్ముణ్ణి తీసుకురా, కన్న అవ్వ పక్కన జాగా ఉంది అంటోంది. ఆ భాష చెవిలో పడగానే ఆదెమ్మ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. సరే అంది. అనేసింది. ఇప్పుడు ఈ బండిలో కూర్చుని, ఆ సరే అన్నది తానేనా అని ఆలోచిస్తోంది.

ఎందుకంటే ఆయన ఒకసారి చెప్పాడు కదా. కొత్త ఫ్లైఓవర్ కింద బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నప్పుడు, బఠానీలు తింటూ, ఏదో కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పాడు. "నన్ను గూడ ఈడ్నే పెట్టు ఆదీ." తాను నవ్వింది. "రోడ్డు నడిమిట్లనా? నీ కోసం బస్సులు ఆపుతరా?" ఆయనా నవ్వాడు. ఆ నవ్వు ఎలా ఉందో ఇప్పుడు గుర్తు తెచ్చుకోవాలని చూస్తే, నవ్వు రావడం లేదు, ఆయన అరచేతిలోని బఠానీలే కనిపిస్తున్నాయి.

వైరా చెరువు పక్కన బండి వెళుతోంది. కిటికీ అద్దానికి రంగు కాగితం అంటించి ఉన్నా ఒక మూల చిరిగింది, అందులోంచి నీళ్ళు తళుక్కుమన్నాయి. ఇంత పెద్ద చెరువు ఇంకా ఉంది. ఎవరూ పూడ్చలేదు. తుంగకుంట దీంట్లో మూలకు సరిపోయేది కాదు, అయినా వాళ్ళు మొదటిసారి వెళ్ళిన రోజు ఎంత పెద్దగా కనిపించిందో. హైదరాబాద్ అని చెప్పి గోప్యా మేస్త్రి తీసుకెళ్ళాడు. ఏన్కూరు పక్క తండా మనిషి, తాపీపని చేసేవాడు, ఆ ఏడు వానల్లేక పోడు చేలో జొన్న పిడికెడు కూడా రాలేదని తెలిసి, "పట్నంల పనికి కరువు లేదు జంపయ్య, పెండ్లాన్ని పిల్లను తీస్కొని నడు" అన్నాడు. సిటీ బస్సు ఆఖరి స్టాపులో దిగితే పట్నమేదీ కనపడలేదు. ఒక కంకర రోడ్డు, ఆ రోడ్డుకు ఎడమ వైపు ఏనుగులు పడుకున్నట్టు నల్లటి బండరాళ్ళు, కుడి వైపు ద్రాక్షతోటలు, తోటల అవతల పల్లంలో కుంట, కుంట నిండా నడుమెత్తు తుంగ. ఆ తుంగ కోసి చాపలు అల్లేవాళ్ళు నాలుగు కొంపలు, ఒక మైసమ్మ రాయి, అవతల గట్టు మీద పాత ఊరు. జంపయ్య అటూ ఇటూ చూసి, "ఇది మన ఊరి లెక్కనే ఉందిగదనే" అన్నాడు. ఆమె చంకలో కళావతి, మూడు నిండి నాలుగు నడుస్తున్న పిల్ల, కుంట వైపు చెయ్యి చాపి కేరింతలు కొట్టింది. ఆ చెయ్యి అటే చాపింది. వేరే వైపు చాపి ఉంటే ఏమయ్యేదో అని ఆదెమ్మ ఎన్నిసార్లో అనుకుంది, అటు చాపకపోయినా అంతా అలాగే అయ్యేదని కూడా అన్నిసార్లే అనుకుంది.

కళకు మనుషులంటే ఇష్టం. అదేం గుణమో ఎవరికీ అర్థమయ్యేది కాదు, అడవి పక్క పల్లెలో పుట్టిన పిల్లలు కొత్తవాళ్ళు కనపడితే తల్లి కొంగు చాటుకు పోతారు, ఇది మాత్రం జనంలోకి ఉరికేది. పర్ణశాల తిరునాళ్ళకు తీసుకెళితే గోదావరి ఒడ్డున అంత జనంలో తప్పిపోయి, వెతికి వెతికి వీళ్ళ ప్రాణం పోతుంటే, బొరుగుల అంగడి ముందు ముక్కూ మొహం తెలియని ముసలాయన ఒళ్ళో కూర్చుని బొరుగులు తింటోంది. ఒంటరిగా ఉంటే మాత్రం దానికి భయం. తుంగకుంటలో వాళ్ళ బతుకంతా కట్టే ఇళ్ళల్లోనే, ద్రాక్షతోట ఒక్కొక్కటీ కొట్టేసి ప్లాట్లు చేస్తుంటే, ఒక బిల్డింగు లేచేదాకా అందులో ఉండటం, తలుపులు బిగించే రోజుకు చాపలు చుట్టుకుని పక్క బిల్డింగుకు పోవడం. సిమెంటు సంచులు కుట్టిన పరదా, మూడు ఇటుకల పొయ్యి. గోడలున్నాయి గానీ మనుషులు లేని గదుల్లో కళ నిలబడి "నాయనా" అని అరిచేది. "నాయనా" అని గోడలు తిరిగి పలికేవి. అవతలి గదిలో ఇంకో పిల్ల ఉందని దాని నమ్మకం. "అవ్వా, ఆ పిల్లను గూడ అన్నానికి పిలువ్" అనేది.

"అమ్మా, తల్లాడల ఒక నిమిషం ఆపనా, చాయ్ తాగుతరా?" ముందు నుంచి జస్టిన్ అడిగాడు.

"వద్దు బిడ్డా. నువ్వు తాగు."

బండి ఆగింది. అతను తాగలేదు, ఒక నీళ్ళ సీసా కొని తెచ్చి, వెనక తలుపు తీసి ఆమె చేతిలో పెట్టాడు. పల్చటి మనిషి, మెడలో చిన్న శిలువ. శవం ఉన్న బండిలో నీళ్ళు ఎలా తాగడమని ఆమె సందేహిస్తుంటే, "తాగుండ్రి అమ్మా, పొద్దట్నుంచి ఏం ముట్టలే మీరు" అన్నాడు. తర్వాత, ఏదో మాట్లాడాలి కాబట్టి, "నేను గూడ తుంగకుంటోన్నే. ఆడ్నే పుట్టిన, కాన్వెంటుల చదివిన" అన్నాడు. "పేరుకే కుంట, నీళ్ళు ఏడున్నయో నేనైతే జూడలే. నిజంగ ఉండెనా అమ్మా?"

"ఉండె" అంది ఆదెమ్మ.

అతను తలుపు వేశాడు. ఉండె. తాము వెళ్ళిన మరుసటేడు వినాయక చవితి ముందర పట్టిన వాన ఎనిమిది దినాలు విడవలేదని, కుంట పొంగి తుంగ మొత్తం మునిగిందని, కట్ట కింద ఒక బిల్డింగుకు సెల్లార్ కోసం తవ్విన గొయ్యి ఉండేదని, ఏదో పేచీతో పని ఆగి ఆ గొయ్యి అలాగే వదిలేశారని, దానికి కంచె లేదని, అందులో వాన నీళ్ళు నిండి పైకి నేల, నీళ్ళు ఒక్క తీరుగా కనిపించేవని ఎలా చెప్పడం. ఆదెమ్మ పక్క స్లాబు మీద తట్ట మోస్తోంది. కింద కళ అరుపు వినపడింది, "ఓ పిల్లా" అని, రోజూ గోడలతో మాట్లాడినట్టే. నవ్వుకుంది. ఆ తర్వాత అరుపు వినపడలేదు. నీళ్ళల్లో ముందు దూకింది గోప్యా. బయటికి తెచ్చింది జంపయ్య. బిల్డింగు ఓనరు కారులో వచ్చి రెండు చేతులూ జోడించి, పోలీసుల దాకా వద్దన్నాడు. పోలీసులు ఎందుకో కూడా వాళ్ళకు తెలియదు అప్పుడు. గోప్యా తన తువ్వాలు పరిచాడు. పిల్లను కాల్చరు కదా, మట్టిలోనే పెట్టాలి కదా, ఆ పరాయి చోట మట్టి ఎవరిస్తారని ఎక్కడికి పోవాలి. వాన వెలిసిన సాయంత్రం, నీళ్ళు తగ్గితే బయటపడే కుంట శిఖం అంచున, తుంగ మొదలయ్యే చోట, మైసమ్మ రాయికి కొంచెం దూరంలో, గోప్యా, జంపయ్య కలిసి తవ్వారు. మట్టి మెత్తగా ఉంది. ఎంత తవ్వినా నీళ్ళు ఊరుతున్నాయి. "నీళ్ళల్ల పెట్టకయ్యా, నీళ్ళల్ల వద్దు" అని ఆమె అరిచింది. అది తన గొంతేనని ఇప్పటికీ నమ్మకం కుదరదు.

మూడో దినం కాగానే ఊరికి పోదామని ఆదెమ్మే అంది. జంపయ్య కదలలేదు. "దాన్నొక్కదాన్ని ఇడిసిపెట్టి ఎట్ల పోదమే? బయపడ్తది" అన్నాడు. పిచ్చి మాట అనుకుంది, దుఃఖంలో అంటున్నాడనుకుంది. కానీ రోజూ పని దిగాక ఆయన కుంట శిఖానికి వెళ్ళి కూర్చునేవాడు. చీకటి పడితే అక్కడ కప్పలు, కుక్కలు, గాలికి తుంగ ఒరుసుకునే చప్పుడు, అంతే. ఎక్కడా మనిషి అలికిడి ఉండేది కాదు. ఆయన ఏమీ మాట్లాడేవాడు కాదట, దగ్గేవాడట, నాయన ఉన్నాడని తెలియడానికి. ఒకసారి ఆమె వెంట వెళ్ళినప్పుడు చూసింది, ఉత్తుత్తి దగ్గు, ఆగి ఆగి దగ్గుతున్నాడు. అప్పుడు అర్థమైంది, ఈయన ఊరికి రాడు. ఊరంటే ఇక ఇదే. ఎర్రమ్మ కబురు మీద కబురు పంపింది, మీ అవ్వ మంచాన పడింది రమ్మని, తర్వాత పోయింది రమ్మని. ఆ ఒక్కసారి వెళ్ళాడు, మట్టి వేసి మర్నాడే తిరిగొచ్చాడు.

తర్వాత కరెంటు స్తంభాలు పాతారు. కట్ట మీద మొదటి లైటు వెలిగిన సాయంత్రం జంపయ్య ఉరుక్కుంటూ వచ్చాడు. "ఆదీ, రా, రావే, లైటు పడ్డది." దాన్ని చూడటానికి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. పచ్చటి వెలుతురు ఆ చోటి దాకా వచ్చి ఆగింది. ఆ రాత్రి ఆయన కడుపు నిండా తిన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కటే. కంకర రోడ్డు తారు రోడ్డయింది, సిటీ బస్సు ఆఖరి స్టాపు ఇంకా ముందుకు జరిగి, తుంగకుంట మధ్య స్టాపు అయింది. ఎవరో కేరళాయన టీ కొట్టు పెట్టాడు, "పొద్దుగాలనే మనుషులు లేస్తరు ఈడ" అన్నాడు జంపయ్య. పంచర్ల షాపు వచ్చింది, రాత్రి లారీల వాళ్ళు ఆగుతారు. కాన్వెంటు వచ్చింది, ఆ రోజు గోడ బయట నిలబడి ఇంటర్వెల్లో పిల్లలు చేసే గోలను కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ పిల్లల్లో ఈ జస్టిన్ కూడా ఉండి ఉంటాడు, ఆ గోలలో ఇతని గొంతూ ఒకటి. ఫంక్షన్ హాలు వచ్చింది, మసీదు వచ్చింది, నగల దుకాణం, దవాఖానా, హాస్టళ్ళు, ఐటీ పిల్లలు తెల్లవారుజామున దిగే క్యాబులు. ఊళ్ళో అందరూ తిట్టుకునేవారు, రద్దీ పెరిగిపోయింది, హారన్ల మోత, రోడ్డు దాటలేకపోతున్నాం అని. పాత ఊరి ముసలివాళ్ళు ఒకప్పుడు ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉండేదో చెప్పుకుని బాధపడేవారు. జంపయ్య ఒక్కడే సంతోషించాడు. పట్నం పెరిగి పెరిగి తన బిడ్డ చుట్టూ వచ్చి కూర్చుందని, దానికి ఇష్టమైన జనం మధ్య దాన్ని కూర్చోబెట్టిందని. "ఇగ బయం లేదు దానికి" అనేవాడు. వాచ్‌మన్ పనికి కుదిరాక, సెల్లార్ గదిలో ఫ్యాన్ తిరగకపోయినా నిద్రపోయేవాడు గానీ, బంద్ రోజున రోడ్డు మీద చప్పుడు లేకపోతే నిద్రపోయేవాడు కాదు. కరోనా నాడు ఊరంతా తలుపులు వేసుకున్నప్పుడు, ఆ ఖాళీ రోడ్డు మీద బస్టాపు దగ్గర ఒక్కడే వెళ్ళి కూర్చుంటే, పోలీసులు లాఠీతో కొట్టి తరిమారు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. పిచ్చోడని వదిలేశారు.

ఆయనకు చెప్పని మాట ఒకటుంది ఆమె దగ్గర. కుంట ఎండిపోయిన ఎండాకాలం వాళ్ళు రెండు మైళ్ళ అవతల వేరే కాలనీలో పనికి వెళ్ళారు. తిరిగొచ్చి చూస్తే కుంటలో లారీలు. పూడిక మట్టి తవ్వి, పల్లంలో ఉన్న ప్లాట్లన్నీ నింపుతున్నారు. తుంగ లేదు, మైసమ్మ రాయిని పక్కకు జరిపారు, బిడ్డను పెట్టిన చోట తాము నాటిన వేపమొక్క లేదు. ఎర్రటి గుంతలు. జంపయ్య అటు నడిచాడు, ఇటు నడిచాడు, ద్రాక్షతోట పాత బావిని చూశాడు, కరెంటు స్తంభాన్ని చూశాడు, ఒకచోట నిలబడి కాలితో నేలను తట్టి, "ఈడ్నే" అన్నాడు. ఆమె వైపు చూశాడు. ఆమె తలూపింది. అక్కడే తర్వాత రోడ్డు పడింది, బస్టాపు వచ్చింది. కానీ ఆమె చూసింది కదా, ఆ గుంతలు ఎంత లోతున్నాయో, లారీలు ఎన్ని దిక్కులకు పోయాయో. పిల్ల ఏ ప్లాటు కిందికి వెళ్ళిందో, ఎవరి ఇంటి గచ్చు కింద ఉందో, ఎవరి పూలకుండీలో ఉందో. అపార్ట్‌మెంట్ మెట్లు ఊడుస్తూ ఒక్కోసారి చీపురు ఆపేసేది. శారదమ్మ వాకిట్లో మట్టి తుడిచేటప్పుడు చెయ్యి మెల్లగా వెళ్ళేది. ఇంత ఊళ్ళో ఎక్కడ అడుగు వేసినా చూసి వేయాలని. ఆ మాట ఆయనకు చెప్పి ఉంటే ఆయనకు ఆ ఒక్క చోటు కూడా లేకుండా పోయేది.

ఫ్లైఓవర్ స్తంభానికి బస్టాపు పక్కనే గొయ్యి తవ్వినప్పుడు ఆయన మూడు రోజులు డ్యూటీకి రాలేదు. మిషన్ బకెట్ పైకి లేచి మట్టి కుమ్మరించినప్పుడల్లా దగ్గరికి వెళ్ళి వంగి చూసేవాడు. మిషన్ నడిపే పిల్లవాడు తమ వైపువాడే, అశ్వారావుపేట అట, మాట యాసను బట్టి గుర్తుపట్టి, ఇంజను ఆపి అడిగాడు, "ఏం పోయింది తాతా? ఏం ఎతుకుతున్నవ్?" "ఏం పోలె బిడ్డా, ఊకెనే చూస్తున్న." అప్పుడప్పుడు రాయి వచ్చింది, పాత పైపు ముక్క వచ్చింది, చీకిపోయిన తుంగ వేళ్ళు నల్లగా వచ్చాయి. ఆయన ఆ వేళ్ళను వాసన చూశాడు. మూడో రోజు సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, "ఏం రాలె ఆదీ. అది ఆడ్నే ఉంది, కదలలె" అన్నాడు. "అవ్" అంది. ఆ సంవత్సరమే వాన పడి కాలనీ అంతా మునిగింది. కార్లు తేలాయి. కుంటను మరిచిపోయారు గానీ నీళ్ళకు దారి గుర్తుంది, పల్లం గుర్తుంది, నాలుగు దిక్కుల నుంచి వచ్చి కుంట ఉన్నంత మేరా సరిగ్గా నిండాయి. పడవలు తెచ్చి జనాన్ని దించుతుంటే జంపయ్య మోకాటి లోతు నీళ్ళల్లో నిలబడి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా, బస్టాపు వైపే చూస్తున్నాడు.

ఏన్కూరు. బండి మెల్లగా పోతోంది, మిరపకాయల ఘాటు లోపలికి వచ్చింది, ఆదెమ్మకు తుమ్ము వచ్చింది, తుమ్మింది, మొగుడి శవం పక్కన కూర్చుని మామూలు మనిషిలా తుమ్మినందుకు సిగ్గేసింది. ఏన్కూరు దాటితే చెట్లు. రోడ్డు మీద ఎండ ముక్కలు ముక్కలైంది. టేకు, మద్ది, ఇప్ప, పేర్లు వాటంతట అవే నోట్లోకి వస్తున్నాయి. చప్పుడు తగ్గిపోతోంది. ఒక్కో మలుపు దాటేకొద్దీ ప్రపంచం నుంచి ఒక్కో చప్పుడు తీసేస్తున్నట్టు. నీకు నిద్ర పట్టదు గదయ్యా ఇక్కడ, అనుకుంది ఆయన పాదాలు నొక్కుతూ, ఇంత సప్పుడు లేని చోట ఎట్లా పంటవ్.

పల్లె మొదట్లో జనం నిలబడి ఉన్నారు. డోలు మోగింది. ఎర్రమ్మ ముందుకు వచ్చింది, నడుం వంగిపోయింది, తల ముగ్గుబుట్ట. బండి తలుపు తీసీ తీయకముందే తమ్ముడి మొహం మీది గుడ్డ తీసి, ఏడవలేదు, చెంప మీద రెండు దెబ్బలు వేసింది, చిన్నప్పుడు ఆలస్యంగా ఇంటికొస్తే వేసినట్టు. "ఇప్పుడొచ్చినవార" అంది. అప్పుడు అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. ఎన్నో చేతులు వచ్చాయి, తెలియని కుర్రవాళ్ళు, ఆయన పేరు మాత్రమే విన్నవాళ్ళు, నా పెద్దనాయన, నా తాత అంటూ ఎత్తుకున్నారు. ఆదెమ్మ చేతుల్లోంచి పాదాలు జారిపోయాయి. జస్టిన్ చెప్పులు విడిచి కొంతదూరం పాడె వెంట నడిచి, ఆమెకు దండం పెట్టి తిరిగి వెళ్ళిపోయాడు. వాగు గట్టు మీద, అవ్వ పక్కన, నాయన పక్కన ఆయన్ను పెట్టారు. మట్టి పొడిగా ఉంది. తవ్వితే నీళ్ళు రాలేదు. ఆ ఒక్క సంగతి చూసి ఆదెమ్మ చాలాసేపు అలాగే నిలబడిపోయింది. డోలు వాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు, పల్లె మొత్తం అక్కడే ఉంది. ఇంత మంది ఉన్నారు ఆయనకు. ఆమెకు తెలియదు ఈ సంగతి, ఇన్నేళ్ళు గుర్తే లేదు.

స్నానాలయ్యాక ఎర్రమ్మ ఆమెను తన గడపలో కూర్చోబెట్టి, తడి జుట్టు తుడుస్తూ, "ఇగ నువ్ గీడ్నే. పడమటింట్ల మంచమేపిచ్చిన. మేకలున్నయి, నేనున్న" అంది.

ఆ మాటలో దయ ఉంది. ఇంత దయ ఉంటుందని అనుకోలేదు, అనుకుని ఉంటే ఎలా చెప్పాలో దారి పొడుగునా ఆలోచించి ఉండేది. సెల్లార్ గది కొత్త వాచ్‌మన్‌కు ఇస్తారు, శారదమ్మ నెమ్మదిగానే చెప్పింది. ఎక్కడో ఒక మెట్ల కింద మూల దొరకాలి, ఎవరివో మెట్లు ఊడవాలి. ఇక్కడ మంచం ఉంది.

"దినాలయ్యేదాక ఉంట వదినా. తర్వాత పోత."

"ఏడికి?" ఎర్రమ్మ చెయ్యి ఆగింది. "ఎవలున్నరే నీకు ఆడ?"

"ఈయనకు మీరున్నరు. దానికి నేనే గద."

కళ పుట్టినప్పుడు బొడ్డు కోసింది ఎర్రమ్మే. పిల్ల పోయిందన్న కబురు విన్న నాటి నుంచి ఒక్కసారి కూడా ఆ పేరు ఎత్తలేదు, ఎత్తితే తమ్ముడి ఇల్లు ఇంకా దూరం అవుతుందని భయపడిందో, ఏమో. ఇప్పుడు మెల్లగా అడిగింది. "ఏడ పెట్టిన్రే దాన్ని?"

ఆదెమ్మ చెప్పబోయింది. రోడ్డుకు కుడి పక్క బస్టాపు, దాని పక్కన ఫ్లైఓవర్ స్తంభం, అని చెప్పబోయి ఆగింది. ఇక దాచి ఎవరిని కాపాడాలి. "ఏమో వదినా" అంది. "మట్టిని లారీలల్ల మోసిన్రు. ఇండ్ల కింద పోసిన్రు. ఆ ఊరు ఎంతుందో, నా బిడ్డ అంతుంది." అన్నాక ఏడ్చింది. పొద్దుటి నుంచి రాని ఏడుపు, మొగుడి కోసమో, బిడ్డ కోసమో, విడదీయడానికి వీల్లేకుండా వచ్చింది. ఎర్రమ్మ ఆమె తలను ఒళ్ళో పెట్టుకుంది. బయట మేకలు దొడ్లోకి వస్తున్నాయి.

"నేను ఏన్కూరు దాటి పోలె ఎన్నడు" అంది ఎర్రమ్మ ఆఖరికి. "నన్నొక్కసారి తీస్కపో. దాని మొకం అందరికంటే ముందు జూసింది నేనేనే."

"రద్దీ ఉంటది వదినా, నీతోని కాదు. రోడ్డు దాటాల్నంటె..."

"ఉండనియ్" అంది ఎర్రమ్మ. "నువ్వు చెయ్యి పట్టుకో."